ఈక, దారం, గాలం: ఐర్లండ్ సరస్సుల్లో ట్రౌట్ చేపల వేట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇన్నేళ్ళుగా ఐర్లండులో ఉంటున్నావు, ఏదైనా నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ఉద్యోగాల గురించి, వీసాల గురించి చెప్పేవాళ్ళు మన బ్యాచ్‌లోనే పది మంది ఉన్నారు. అందుకని నాకు ఇష్టమైన విషయం ఎంచుకున్నాను. చేపలు పట్టడం. ఈ మాట చెప్పగానే మా అమ్మ, "ఏరా, ఇంజనీరువై అంత దూరం వెళ్ళింది చేపలు పట్టుకోవడానికా?" అంది. మీకూ అదే అనిపిస్తే నాకేమీ కోపం లేదు. చివరిదాకా వినండి. ఇందులో చేపలున్నాయి, పురుగులున్నాయి, కోడి ఈకలున్నాయి, కాస్త ఫిజిక్స్ ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా నీళ్ళున్నాయి.

నేను సివిల్ ఇంజనీరుని. మురుగునీటి శుద్ధి కేంద్రాల డిజైన్ నా పని. ఉండేది గాల్వే నగరంలో, ఐర్లండుకి పశ్చిమ తీరాన. ఊరిని ఆనుకునే కారిబ్ అనే పెద్ద సరస్సు ఉంది. వాళ్ళు సరస్సుని లాక్ అంటారు. లాక్ కారిబ్ వైశాల్యం సుమారు 176 చదరపు కిలోమీటర్లు. ఐర్లండ్ ద్వీపంలో ఉత్తరాన ఉన్న లాక్ నే తర్వాత ఇదే పెద్దది. ఏడాదికి ఎన్ని రోజులో కారిబ్‌లో అన్ని దీవులని అక్కడివాళ్ళ మాట. దాని పైన లాక్ మాస్క్, ఆ పక్కన కారా, ఇంకా ఉత్తరాన కాన్. ఇవన్నీ చాలావరకు సున్నపురాయి నేల మీద ఉన్న సరస్సులు.

ఈ సున్నపురాయి గురించి ఇంజనీర్లకు నచ్చే కథ ఒకటి చెబుతాను. మాస్క్, కారిబ్ సరస్సుల మధ్య కాంగ్ అనే ఊరుంది. ఐర్లండులో మహా కరవు రోజుల్లో, కూలీలకు పని కల్పిస్తూ ఆ రెండు సరస్సుల్నీ కలపడానికి రాతిని తొలిచి కాలువ తవ్వారు. లాకులకు చక్కటి రాతికట్టడం కూడా చేశారు. తీరా చూస్తే నీరు నిలవదు. అడుగున ఉన్న సున్నపురాయి నిండా పగుళ్ళు, సొరంగాలు. 1854లో పని ఆపేశారు. ఒక్క పడవ నడవని ఆ కాలువ ఈ రోజుకీ వేసవిలో ఎండిపోయి కనిపిస్తుంది. నీరు మాత్రం తన దారిన తాను భూమి అడుగునుంచి మాస్క్ నుంచి కారిబ్‌కి చేరుతూనే ఉంది. నీటి పని చేసేవాడెవడైనా ఒకసారి వెళ్ళి చూడవలసిన చోటు అది.

కాలువని ముంచిన ఆ సున్నపురాయే చేపకి వరం. దాని వల్ల నీటిలో క్షారగుణం ఉంటుంది, నత్తలు, చిన్న రొయ్యలు, పురుగులు బాగా పెరుగుతాయి. వాటిని తిని బ్రౌన్ ట్రౌట్ బలుస్తుంది. బంగారు రంగు పొట్ట, ఒంటి మీద నల్లటి, ఎర్రటి చుక్కలు. చల్లగా, శుభ్రంగా, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న నీటిలోనే బతుకుతుంది. మన దేశానికి ఈ చేపని ఆంగ్లేయులు తెచ్చి కాశ్మీరు ఏరుల్లో వదిలారు. మన గోదావరి నీళ్ళ వేడికి అది ఒక్కపూట కూడా తట్టుకోదు.

మనం చిన్నప్పుడు గాలం ఎలా వేసేవాళ్ళం? వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, కొక్కేనికి ఒక ఎర్ర. బెండు మునిగితే లాగడమే. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు. కొక్కెం మీద ఈకలు, ఉన్ని, దారం కట్టి పురుగులాంటి బొమ్మ ఒకటి చేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. చేప దాన్ని నిజం పురుగనుకుని నోటితో అందుకోవాలి. అంటే ఆ వారం నీటి మీద ఏ పురుగు తిరుగుతోందో మనకి తెలిసి ఉండాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో డక్‌ఫ్లై అనే చిన్న నల్లటి దోమజాతి పురుగు. ఏప్రిల్ చివర్లో లేక్ ఆలివ్. మే నెల మధ్యకి మేఫ్లై. జులై, ఆగస్టు సాయంత్రాల్లో గ్రీన్ పీటర్ అనే సెడ్జ్ పురుగు. ఆగస్టు, సెప్టెంబరుల్లో గట్టు మీది గడ్డినుంచి గాలికి కొట్టుకొచ్చే పొడుగుకాళ్ళ డాడీ లాంగ్‌లెగ్స్. కారిబ్‌లో ఫిబ్రవరి 15న మొదలయ్యే వేట సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆ తర్వాత చేపలు గుడ్లు పెట్టుకోవడానికి ఏరుల్లోకి ఎక్కుతాయి.

ఈ పంచాంగంలో పెద్ద పండుగ మేఫ్లై. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పురుగు పిల్లగా ఉన్నప్పుడు సరస్సు అడుగు బురదలో బొరియ చేసుకుని సుమారు రెండేళ్ళు ఉంటుంది. మే నెలలో ఒక రోజు పైకి ఈది, నీటి మీదే చర్మం విడిచి, రెక్కలు విప్పుకుంటుంది. తెరచాప ఎత్తిన పడవలా కాసేపు నీటి మీద తేలి, ఒడ్డున చెట్లలోకి ఎగురుతుంది. అక్కడ మళ్ళీ ఒకసారి చర్మం విడుస్తుంది. రెక్కలు వచ్చిన తర్వాత కూడా చర్మం విడిచే కీటకాలు ఇవొక్కటే. పెద్దదైన మేఫ్లైకి పనిచేసే నోరు లేదు, తిండి లేదు. జత కలవడం, తిరిగి వచ్చి నీటిలో గుడ్లు పెట్టడం, రెక్కలు చాచి నీటి మీద పడిపోవడం. ఒకటి రెండు రోజుల్లో అంతా అయిపోతుంది. తొలకరికి మన దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు గుర్తున్నాయా? అలా లేస్తాయి. వాటి కోసం ట్రౌట్ లోతు వదిలి పైకి వస్తుంది. "మేఫ్లై లేచింది" అని కబురు వస్తే చాలు, కారిబ్ చుట్టుపక్కల ఊళ్ళలో తాపీమేస్త్రీ దగ్గర్నుంచి డాక్టరు దాకా ఎవరూ పనిలో దొరకరు.

ఆ రోజుల్లో డాపింగ్ అని ఒక పాత పద్ధతి చూడాలి. చాలా పొడుగు కర్ర, తేలికైన పట్టుపోగు, చివర కొక్కేనికి ఒకటి రెండు బతికున్న మేఫ్లైలు. ఇందులో మాత్రం పురుగు నిజమైనదే. దారాన్ని విసరరు. గాలికి వదిలితే అదే తేలుతూ వెళ్ళి పురుగుని నీటి మీద ఆడిస్తుంది. ఊళ్ళో పిల్లలు పొదల్లోంచి మేఫ్లైలు ఏరి, చిన్న చెక్క పెట్టెల్లో పెట్టి వేటగాళ్ళకు అమ్ముతారు. మనం వేసవి సెలవుల్లో తాటిముంజెలు అమ్మినట్టే.

మామూలు పద్ధతిలో పడవలో ఇద్దరు కూర్చుంటారు. పడవని గాలికి అడ్డంగా తిప్పి వదిలేస్తే అది మెల్లగా కొట్టుకుపోతుంది. గాలి వాలుకే దారం విసురుతూ, ఒకే దారానికి కట్టిన మూడు ఫ్లైలను అలల మీదుగా వెనక్కి లాక్కోవాలి. పై ఫ్లై నీటి మీద గీత గీస్తూ రావాలి. చాలాసార్లు చేప వచ్చేది దానికే. మబ్బు పట్టి, చిన్న అలలు లేచే గాలి ఉంటే మంచి రోజు. ఎండ కాసి, నీరు అద్దంలా ఉంటే ఇంటికి పోయి టీ తాగడం మేలు. ఎండ కాస్తే బాధపడే మనుషుల్ని నేను అక్కడే చూశాను.

పిల్లల కోసం కొంచెం ఫిజిక్స్. కొక్కెం మీది ఈకకి లెక్కలోకి వచ్చేంత బరువు లేదు. దాన్ని ఇరవై గజాల దూరం ఎలా విసరగలం? బరువు దారంలో ఉంటుంది. ఆ దారాలకు నెంబర్లుంటాయి. 6వ నెంబరు దారం మొదటి 30 అడుగులు 160 గ్రెయిన్లు, అంటే పది గ్రాముల పైచిలుకు. కర్రని వెనక్కి, ముందుకి ఆపి ఆపి ఊపితే దారం గాలిలో మడత పడి, ఆ మడత ముందుకి దొర్లుకుంటూ పోతుంది. చివరికి పోయేకొద్దీ దారం సన్నబడుతుంది, కదిలే బరువు తగ్గుతుంది, కాబట్టి వేగం నిలుస్తుంది. మీ తాతగారు ఎద్దుబండి మీద కూర్చుని చర్నాకోల ఝళిపిస్తుంటే చూశారా? సూత్రం అదే. ఇక్కడ మాత్రం చివర చప్పుడు రాకూడదు.

నాకు ఇవన్నీ నేర్పింది మా వీధిలో ఉండే ఒక పెద్దాయన. యవ్వనంలో వేటగాళ్ళకు పడవ నడిపేవాడు. మొదటి రోజు నన్ను పడవ ఎక్కించుకుని గంటసేపు కర్ర ముట్టుకోనివ్వలేదు. "ముందు నీళ్ళు చూడు. ఏం ఎగురుతోందో చూడు. పిచ్చుకలు దేని వెంట పడుతున్నాయో చూడు" అన్నాడు. నీటి కింద రాళ్ళ గుట్టలు ఎక్కడున్నాయో ఆయనకి పటం అక్కర్లేదు. ఒడ్డున ఫలానా చర్చి గోపురం, ఫలానా చెట్టు ఒకే వరుసలోకి వస్తే కింద ఏముందో చెబుతాడు. ప్రతిఫలంగా నేను ఆయనకి ట్రౌట్ చేపల పులుసు తినిపించాను. చింతపండు పులుసు, మెంతులు, పచ్చిమిరపకాయలు. మొదటి ముద్దకి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. రెండో రోజు ఉదయం తలుపు కొట్టి, "మిగిలిందా?" అని అడిగాడు. మిగిలిన పులుసు మర్నాటికే రుచి అని ఆయనకి ఎవరు చెప్పారో! అయితే తినడానికి తెచ్చుకునేది ఏ ఒకటో రెండో. తక్కినవి తడి చేత్తో పట్టుకుని, కొక్కెం తీసి, నీటిలోకి వదిలేస్తాం.

ఇక ఫ్లై కట్టడం. అక్కడ చలికాలంలో తొందరగా చీకటి పడుతుంది. ఆ సాయంత్రాల పని ఇది. చిన్న వైస్‌లో కొక్కెం బిగించి, మైనం రాసిన సన్నని పట్టుదారం చుట్టుకుంటూ రావాలి. తోకకి గోల్డెన్ ఫెజంట్ ఈక, ఒంటికి రంగు అద్దిన ఉన్ని, దాని మీద బంగారు తీగ, దాని మీద పొడుగునా కోడి మెడ ఈక. తెగిపోయే దానికి ఒక్క మెట్టు ముందు దాకా దారాన్ని బిగించాలి. వదులైతే రెండో విసురుకే ఊడిపోతుంది. మన బడిలో క్రాఫ్టు పీరియడ్ ఉండేది, గుర్తుందా? తకిలీ మీద నూలు, ఆ తర్వాత నవారు నేత. దారం బిగువు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలని మాస్టారు వెనకనుంచి వచ్చి వేలితో మీటి చూసేవారు. నలభై ఏళ్ళ తర్వాత ఆ చదువు గాల్వేలో నా చేతికి అక్కరకొచ్చింది. మాస్టారు ఈ సభలోనే ఉన్నారు. ఆయనకి ఈ మాట చెప్పడం నాకు చాలా సంతోషం.

కోడి ఈకల దగ్గర మన గోదావరి జిల్లాల వాడికి కొంత లాభం ఉంది. కోడి మెడ ఈక రంగుని బట్టి అక్కడ రకరకాల పేర్లు పెట్టుకున్నారు. నల్లది, ఎర్రది, బూడిద రంగుది, నలుపు తెలుపు చారలది, అన్నిటికీ వేరే వేరే పేర్లు. మనకి కాకి, సేతు, డేగ, పర్ల, పూల, మైల అని సంక్రాంతికి చంటిపిల్లవాడు కూడా చెబుతాడు. దుకాణంలో ఈకల కట్ట చేతిలోకి తీసుకోగానే మన పేరే నోటికి వస్తుంది. ఇంకో సంగతి. పాత ఫ్లైలలో కన్నులా మెరిసే ఒక ఈక వాడేవారు. మైనంతో చుక్క పెట్టినట్టుండే ఆ ఈక దక్షిణ భారతదేశపు అడవికోడి మెడది. మన నల్లమలలో తిరిగే పక్షి. వాటి ఎగుమతిని మన దేశం నిషేధించింది, ఇప్పుడు అక్కడ పెంచిన పక్షుల ఈకలే వాడుతున్నారు. నిషేధించడం మంచి పనే. మొదటిసారి ఆ ఈకని అంత దూరంలో చూసినప్పుడు మాత్రం మన ఊరివాడు ఎదురుపడినట్టు అనిపించింది.

ఐరిష్ ఫ్లైల గురించి చెబుతూ కింగ్స్‌మిల్ మూర్‌ని తలుచుకోకపోతే తప్పు. ఆయన ఐర్లండ్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి. "ఎ మ్యాన్ మే ఫిష్" అనే పుస్తకం 1960లో వచ్చింది. బంబుల్ అనే ఫ్లైల వరుసను ప్రసిద్ధి చేసింది ఆయనే. రెండు రంగుల కోడి ఈకలను కలిపి చుడితే వాటి మధ్యనుంచి వెలుతురు ఎలా దిగుతుందో, చేప కిందినుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో, ఒక కేసు విచారించినంత ఓపికగా ఆలోచించాడు. ఆయన గోల్డెన్ ఆలివ్ బంబుల్, క్లారెట్ బంబుల్ లేని ఫ్లై పెట్టె పశ్చిమ ఐర్లండులో దొరకదు.

ఇంతవరకు సరదా కబుర్లు. ఇప్పుడు ఇంజనీరుగా నన్ను కలవరపెట్టే విషయానికి వస్తాను.

పిల్ల పురుగు రెండేళ్ళు బురదలో బతకాలని చెప్పాను కదా. పొలాల ఎరువు, పశువుల పేడ, మన ఇళ్ళ మురుగు నుంచి ఫాస్ఫరస్ సరస్సులోకి చేరితే ఏమవుతుంది? మంచి సరస్సులో అది లీటరుకి 10 మైక్రోగ్రాముల లోపు ఉండాలి. 35 దాటితే సరస్సు జబ్బుపడ్డట్టే లెక్క. నాచు పెరుగుతుంది, చచ్చి అడుక్కి చేరుతుంది, అది కుళ్ళేటప్పుడు అడుగున ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది. బొరియలో ఉన్న పురుగు ఊపిరాడక చస్తుంది. కావన్ జిల్లాలో షీలిన్ అనే ప్రసిద్ధ ట్రౌట్ సరస్సు 1970లు, 80లలో పందుల పెంపకం వ్యర్థాలతో ఇలాగే పాడైంది. మేఫ్లై అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది.

మా వృత్తి చేసిన చేటు కూడా ఉంది. 1945లో వచ్చిన డ్రెయినేజి చట్టం కింద దశాబ్దాల తరబడి నదుల్ని లోతు చేసి, వంపులు తీసేసి, తిన్నటి కాలువలుగా మార్చారు. పొలాలు ముంపు నుంచి బయటపడ్డాయి, నిజమే. కానీ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఏరు అడుగున ఉన్న గులకరాళ్ళలో. ఆ గులకనే యంత్రాలతో ఎత్తి గట్టున పోశారు. ఇప్పుడు చాలాచోట్ల అదే గులకని తిరిగి ఏటిలో పోస్తున్నారు, పెద్ద రాళ్ళు వేసి వంపులు తెస్తున్నారు, పశువులు దిగకుండా కంచె కడుతున్నారు. నీటి లెక్కలు వేసేటప్పుడు అందులో బతికే ప్రాణుల లెక్క కూడా వేయాలని మా వృత్తికి ఆలస్యంగా తెలిసింది. మన ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే పులస చేప కూడా అదే చెబుతుంది.

2005లో కారిబ్‌లో ఒక ఆఫ్రికా నీటికలుపు కనబడింది. ఒడ్డు దగ్గర నీటిని చాపలా కప్పేసింది. కోస్తే ముక్క ముక్కా మళ్ళీ మొలుస్తుంది. దానికి కనిపెట్టిన ఉపాయం ఏమిటో తెలుసా? గోనె పట్టా! జనపనార పట్టాలను సరస్సు అడుగున పరిచారు. వెలుతురు తగలక కలుపు చచ్చింది. సరస్సు సొంత మొక్కలు గోనె సందుల్లోంచి పైకి వచ్చాయి. కొన్నాళ్ళకి గోనె తనంతట తాను కుళ్ళిపోయింది. మన ధాన్యం బస్తా గుడ్డతో అంత పెద్ద సరస్సుకి వైద్యం చేశారు. నా ఉద్యోగంలో చూసిన ఖరీదైన పరిష్కారాల్లో ఇంత తెలివైనవి చాలా తక్కువ.

అయినా మొత్తం మీద లెక్క బాగోలేదు. ఐర్లండులో 1971 నుంచి నదుల్ని పురుగుల ఆధారంగా పరీక్షిస్తున్నారు. ఏటి అడుగు రాళ్ళని కాలితో కదిపి, వలలో పడిన పురుగుల్ని చూసి, 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 5 అంటే అత్యుత్తమం. 1980ల చివర్లో అలాంటి అత్యుత్తమ స్థలాలు 500కి పైగా ఉండేవి. 2019లో వచ్చిన ప్రభుత్వ నివేదికలో మిగిలినవి 20. బయటినుంచి చూస్తే ఆ దేశమంతా పచ్చగానే ఉంది, నదులన్నీ మెరుస్తూనే ఉన్నాయి. పురుగు మాత్రం నిజం చెబుతోంది. 2007లో గాల్వే నగరంలో తాగునీటిలోకి పరాన్నజీవి చేరితే ఐదు నెలల పాటు నీళ్ళు మరిగించి తాగాం. మా పిల్లలు చిన్నవాళ్ళు. నీటి ఇంజనీరు ఇంట్లో పొయ్యి మీద రోజూ నీళ్ళ గిన్నె. ఆ నీరు వచ్చేది నేను వారం వారం పడవ వేసుకు తిరిగే సరస్సు నుంచే.

అక్కడి జనంలో నాకు నచ్చేది ఒకటుంది. ఆ నీళ్ళు తమవి అనుకుంటారు. 1988లో ప్రభుత్వం ట్రౌట్ వేటకి లైసెన్సు రుసుము పెడితే పశ్చిమ సరస్సుల ఊళ్ళు తిరగబడ్డాయి. రెండేళ్ళకు పైగా ఆందోళన సాగింది, చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ఈనాటికీ అక్కడ సాల్మన్‌కి లైసెన్సు కావాలి, ట్రౌట్‌కి అక్కర్లేదు. ఆ హక్కు కోసం నిలబడిన క్లబ్బుల వాళ్ళే ఇప్పుడు సెలవు రోజుల్లో బూట్లేసుకుని ఏరుల్లో దిగి గులక పోస్తున్నారు. హక్కునీ పనినీ విడదీయలేదు వాళ్ళు.

మా పెద్దాయనకి ఇప్పుడు ఎనభై దాటాయి. కొక్కెం కంటిలోకి దారం ఎక్కించడం కనపడదు. ఆయన ఫ్లైలు నేను కడతాను, పడవలో ఆయన దారానికి ముడి కూడా నేనే వేస్తాను. "నా చిన్నప్పుడు మేఫ్లై లేస్తే పొదలు కనిపించేవి కావు" అంటాడు. నేను చూస్తున్నది అందులో ఎంత భాగమో నాకు అంచనా లేదు. మా అమ్మాయి ఎంత చూస్తుందన్నదే నా బెంగ.

మిత్రులారా, మనకి ట్రౌట్ లేదు, మేఫ్లై పండుగ లేదు. కానీ ఊరచెరువు ఉంది, పంటకాలువ ఉంది, మురుగుకాలువ ఉంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు పక్కనే ఉంది, దాని అవస్థ మీకు నేను చెప్పనక్కర్లేదు. తూనీగ పిల్లలు, నీటి పురుగులు మన చెరువుల్లోనూ ఉన్నాయి. కాబట్టి సంఘానికి ఒక చిన్న విన్నపం. స్వర్ణోత్సవ నిధిలోంచి బడికి నాలుగు చేతి వలలు, తెల్లటి పళ్ళేలు, ఒక మంచి మైక్రోస్కోపు కొందాం. ఖర్చులో నా వంతు నేనిస్తాను. ప్రతి ఏడూ వానలకి ముందొకసారి, వానలయ్యాక ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలు సైన్సు మాస్టారితో కలిసి చెరువులో ఏ పురుగు ఎన్ని దొరికాయో లెక్కపెట్టి, ఒక పుస్తకంలో రాయాలి. ఇంగ్లీషు పేర్లు రాకపోతే బొమ్మ గీస్తే చాలు. పదేళ్ళ పుస్తకాలు వరుసగా ఉంటే, చెరువు బాగుపడుతోందో పాడవుతోందో చెప్పడానికి నాలాంటి ఇంజనీరు అక్కర్లేదు.

సాయంత్రం భోజనాల దగ్గర నా ఫ్లై పెట్టె బల్ల మీద ఉంచుతాను. పిల్లలు వచ్చి చూడండి. కొక్కేలకు ముళ్ళు తీసేశాను, భయం లేదు. ఎవరికైనా కట్టడం నేర్చుకోవాలనుంటే వైస్, దారం కూడా తెచ్చాను. ఈకలు మాత్రం మన ఊరి కోళ్ళవే.